గగ్గ భిక్షువుకు సంఘం ఇచ్చిన తీర్పు

వినయ పిటకంలో గగ్గ అనే భిక్షువు రెండు చోట్ల కనబడతాడు. ఆయన చేసిన ప్రసంగాలేవీ మనకు ఆ చోట్ల దొరకవు. ఆయన గెలిచిన వాదాలూ లేవు. ఆయనకు మతి చలించింది. ఆ కారణంగానే ఆయన పేరు గ్రంథానికెక్కింది, ఆయన వల్ల సంఘం రెండు కొత్త నియమాలు చేసుకుంది. మానసిక ఆరోగ్యం గురించి మన విహారాల్లో, మన బస్తీల్లో మాట్లాడుకోవలసిన ఈ రోజుల్లో ఆ రెండు నియమాలనూ ఒకసారి చదువుకోవడం అవసరం.

మొదటిది మహావగ్గంలో ఉంది. ఉపోసథం రోజున ఒక సీమలో ఉన్న భిక్షువులంతా ఒకచోట చేరి పాతిమొక్ఖం పఠించాలి. జబ్బుపడ్డవాడు మరొకరి ద్వారా తన మాట పంపాలి. అదీ కుదరకపోతే అతణ్ణి మంచంతో సహా మోసుకొని రావాలి. ఒక్కరు కారణం లేకుండా తప్పిపోయినా సంఘం చేసే కర్మ చెల్లదు. అంత గట్టి నియమం అది. ఒక ఉపోసథానికి గగ్గ రాలేదు. ఆయనకు ఒక్కోసారి ఉపోసథం గుర్తుంటుంది, ఒక్కోసారి గుర్తుండదు. గుర్తున్నా ఒక్కోసారి వస్తాడు, ఒక్కోసారి రాడు. ఈ సంగతి తథాగతుని ముందుకు వచ్చింది.

గగ్గను సంఘం నుంచి తీసేస్తే చిక్కు తీరిపోయేది. తాళ్ళతో కట్టి తెచ్చి కూర్చోబెట్టినా నియమం నెరవేరేది. తథాగతుడు ఆ రెండూ చేయలేదు. ఈ భిక్షువు వచ్చినా రాకపోయినా, అతనికి గుర్తున్నా లేకపోయినా మన కర్మ చెల్లుతుందని సంఘమంతా కూడి ఒక సమ్మతి తీర్మానం చేసుకోవాలని చెప్పాడు. అంటే రోగిని నియమానికి తగ్గట్టు వంచకుండా, నియమాన్నే రోగికి తగ్గట్టు సడలించారు. గగ్గ భిక్షువుగానే ఉన్నాడు. చీవరం ఆయన ఒంటి మీదే ఉంది.

రెండోది చుల్లవగ్గంలో ఉంది. కొంతకాలానికి గగ్గకు నయమైంది. మతి చలించిన రోజుల్లో ఆయన భిక్షువుకు తగని మాటలు మాట్లాడాడు, తగని పనులు చేశాడు. నయమయ్యాక తోటి భిక్షువులు వాటిని ఎత్తి చూపడం మొదలుపెట్టారు. ఫలానా తప్పు చేశావు, గుర్తుందా అని అడిగేవారు. అప్పుడు నాకు మతి లేదు, ఏం చేశానో నాకు గుర్తు లేదు అని ఆయన చెప్పుకున్నాడు. అయినా వాళ్ళు వదల్లేదు. తథాగతుడు ఆ భిక్షువులను మందలించి, గగ్గకు అమూళ్హ వినయం ఇవ్వమన్నాడు. అమూళ్హుడంటే మోహం తొలగినవాడు, ఇప్పుడు తెలివిలో ఉన్నవాడు. గగ్గ సంఘం ముందుకు వచ్చి, పెద్దలకు వందనం చేసి, మూడుసార్లు కోరాలి. సమర్థుడైన భిక్షువు ఆ విషయాన్ని సంఘం ముందు పెట్టాలి. సంఘం మౌనంగా సమ్మతించాలి. ఆ తర్వాత ఆ పాత పనుల పేరుతో ఆయనను నిలదీసే హక్కు ఎవరికీ లేదు.

ఈ తీర్పును గుడ్డిగా ఇవ్వలేదు. గుర్తుండి కూడా గుర్తు లేదని బొంకేవాడికి, పిచ్చి నటించేవాడికి ఇది చెల్లదని అక్కడే రాసి ఉంది. విచారించి, నిజం తేల్చుకొని, అప్పుడు పేరు కడిగి అప్పగించాలి. బ్రిటిష్ వారు 1860లో తెచ్చిన భారత శిక్షాస్మృతి 84వ సెక్షన్, మతి స్థిమితం లేని స్థితిలో చేసిన పనిని నేరంగా చూడకూడదని చెప్పింది. సంఘం ఆ సూత్రాన్ని అంతకు ఎన్నో శతాబ్దాల ముందే రాసుకుంది. ఆ సెక్షన్ శిక్ష తప్పించడంతో ఆగింది. సంఘం ఇంకో అడుగు వేసింది. నయమైన మనిషికి మళ్ళీ తలెత్తుకొని బతికే హక్కు ఇచ్చింది.

రెండు రోగాలు, రెండు దారులు

మన సాహిత్యంలో మనసు రోగం అనే మాట రెండు అర్థాల్లో వస్తుంది. వాటిని కలిపేయడం వల్ల ఈ రోజుకీ కీడు జరుగుతోంది.

అంగుత్తర నికాయంలో ఒక సుత్తం ఉంది. ఒంటికి ఏళ్ళ తరబడి రోగం లేనివారు లోకంలో దొరుకుతారు గానీ, ఆసవాలు నశించినవారు తప్ప, మనసుకు ఒక్క క్షణమైనా రోగం లేనివారు దొరకడం అరుదని దాని భావం. ఇక్కడ రోగమంటే లోభం, ద్వేషం, మోహం. ఇది మనందరికీ ఉన్నదే. దీనికి మందు శీలం, సమాధి, ప్రజ్ఞ. మనసే అన్నిటికీ మూలమనే మాటను బాబాసాహెబ్ అంబేడ్కర్ 'ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ'లో ముందువరసలో పెట్టింది ఈ అర్థంలోనే.

వినయంలో ఉమ్మత్తకుడు అనే మాట వేరు. మతి చలించినవాడు, చిత్తం చెదిరినవాడు, తాళలేని నొప్పితో ఒళ్ళు తెలియనివాడు చేసిన పనికి ఆపత్తి లేదని వినయ నియమాల వివరణల్లో మళ్ళీ మళ్ళీ వస్తుంది. అలాంటివాడిని సాధన చేసి మనసు బాగుచేసుకో అని ఎవరూ గద్దించలేదు. అతని మీద నుంచి నియమాల బరువు దించారు.

ఆ కాలపు మనుషులు యక్షులను నమ్మలేదని ఎవరూ అనలేరు. ఐదో శతాబ్దంలో బుద్ధఘోషుడు కూర్చిన వినయ అట్ఠకథ కూడా మతి చలించడానికి పైత్యం ఒక కారణమనీ, యక్షులు మరో కారణమనీ చెబుతుంది. అయితే గగ్గ విషయంలో సంఘం ముందు పెట్టిన ప్రశ్నలు వేరు. అతనికి గుర్తుందా? ఇప్పుడు తెలివిలో ఉన్నాడా? అతన్ని ఏ దయ్యం పట్టింది, ఎవరు చేతబడి చేశారు అనే విచారణ అక్కడ జరగలేదు. పూర్వజన్మలో ఏ పాపం చేశాడని కూడా ఎవరూ అడగలేదు.

పటాచార కథ మనకు తెలిసిందే. భర్త పాముకాటుకు పోయాడు. ఇద్దరు బిడ్డలూ నది దగ్గర పోయారు. శ్రావస్తికి వస్తే తల్లిదండ్రులు, అన్న ఇల్లు కూలి చనిపోయి ఒకే చితి మీద కాలుతున్నారు. ఒంటి మీద బట్ట జారిపోయినా తెలియని స్థితిలో తిరుగుతుంటే జనం మట్టిబెడ్డలు విసిరారు. జేతవనంలోకి వస్తుంటే పిచ్చిదాన్ని రానివ్వకండని అక్కడి వాళ్ళన్నారు. తథాగతుడు ఆమెను అడ్డుకోవద్దన్నాడు, చెల్లీ అని పిలిచాడు. ఒకరు తన పైబట్ట ఇచ్చారు. ఆమె తన కష్టం చెప్పుకుంది, ఆయన విన్నాడు. బోధ ఆ తర్వాత వచ్చింది. ముందు దారి ఇచ్చారు, ఆ పైన బట్ట ఇచ్చారు, ఆ పైన చెవి ఇచ్చారు. ఈ వరుస మరిచిపోకూడదు. తర్వాతి కాలంలో భిక్షుణులలో వినయం తెలిసినవారిలో అగ్రగణ్యురాలిగా తథాగతుడు పేర్కొన్నది ఈ పటాచారనే. బిడ్డలను పోగొట్టుకున్న ఎందరో తల్లులు ఆమె దగ్గరకే వచ్చి ఓదార్పు పొందారు. ఒకప్పుడు జనం బెడ్డలు విసిరిన మనిషి తర్వాత ఎందరికో దిక్కయింది.

నకులపిత, నకులమాత

ముసలితనం గురించి మన గ్రంథాలు దాచింది ఏమీ లేదు. ఎనభై ఏళ్ళ వయసులో తన ఒళ్ళు కట్లు కట్టి లాగిస్తున్న పాత బండిలా ఉందని తథాగతుడే ఆనందుడికి చెప్పుకున్నాడు.

భగ్గుల దేశంలోని సుంసుమారగిరిలో నకులపిత, నకులమాత అనే వృద్ధ దంపతులు ఉండేవారు. ఒకసారి నకులపితకు జబ్బు ముదిరింది. ఆయన మంచం పట్టి దిగులుతో కుంగిపోయాడు. నకులమాత పక్కన కూర్చొని ఆయన మనసులోని భయాలను ఒక్కొక్కటే బయటికి తీసింది. నువ్వు పోతే పిల్లలను ఎలా సాకుతానో అని దిగులుపడుతున్నావేమో, నాకు పత్తి వడకడం వచ్చు, ఉన్ని పని వచ్చు, ఇల్లు నడుపుకోగలను అంది. మరో ఇంటికి వెళ్ళిపోతానని అనుకోకు అంది. తథాగతుణ్ణి, సంఘాన్ని దర్శించడం మానేస్తానని, శీలం తప్పుతానని కూడా భయపడకు అంది. ఇలా ఆరు దిగుళ్ళకు ఆరు జవాబులు చెప్పింది. ఆయన కోలుకొని, కర్ర ఊతంతో నడుచుకుంటూ తథాగతుని దగ్గరకు వెళ్తే, ఇలాంటి భార్య దొరకడం నీ అదృష్టమని ఆయన మెచ్చుకున్నాడు.

వయసు మీదపడిన మనిషి దిగులు చాలాసార్లు ఇలాంటిదే. తాను పోతే ఎవరు చూస్తారు, తాను బరువైపోయానా, మంచాన పడితే నీళ్ళు ఎవరు ఇస్తారు అనేవి ఆ మనిషిని తినేస్తాయి. నీకేం తక్కువ, హాయిగా కూర్చోక అని కసురుకుంటే ఆ దిగులు లోపలికి పోతుంది. నకులమాత లాగా పేరు పెట్టి అడిగితే బయటికి వస్తుంది.

మరో సందర్భంలో అదే నకులపిత, తాను ముసలివాడినై రోగంతో ఉన్నానని తథాగతునితో చెప్పుకుంటాడు. ఒళ్ళు రోగంతో ఉన్నా మనసుకు రోగం అంటకుండా సాధన చేయమని ఆయన బోధిస్తాడు. ఈ సుత్తాన్ని మన సభల్లో తరచూ చెబుతుంటాం. అయితే సారిపుత్తుడు దాని అర్థం విడమరిచి చెప్పినప్పుడు, ఒంటిని, వేదనలను నేను, నాది అని పట్టుకోవడం గురించే మాట్లాడాడు. తెలివిలో ఉన్న ఉపాసకుడికి చేసిన బోధ అది. మతిమరుపు వ్యాధి వచ్చిన ముసలమ్మను, కుంగుబాటులో మునిగిన పెద్దాయనను తప్పుపట్టడానికి దాన్ని వాడకూడదు. వారికి వర్తించేది గగ్గ భిక్షువు నియమం.

ఎర్రగుడి బండల నుంచి పిచ్చాసుపత్రి గోడల దాకా

ఈ దృష్టి సంఘంతోనే ఆగలేదు. కర్నూలు ప్రాంతంలోని ఎర్రగుడి బండల మీద అశోకుని శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆయన రెండో శిలాశాసనం మనుషులకు, పశువులకు వైద్యం ఏర్పాటు చేశామని, మందు మొక్కలు లేని చోట తెచ్చి నాటించామని చెబుతుంది. ఐదో శాసనం ధమ్మ మహామాత్రులు దిక్కులేనివారి, వృద్ధుల బాగోగులు చూస్తారని చెబుతుంది. ఎనిమిదో శాసనం ధమ్మయాత్రల్లో వృద్ధులను దర్శించి వారికి ధనసహాయం చేయడాన్ని పేర్కొంటుంది. వృద్ధుల యోగక్షేమాన్ని రాజ్యం తన పనుల జాబితాలో రాసుకున్న కాలం అది.

సంఘం ఈ నేల మీద బలహీనపడ్డాక ఆ దృష్టి కూడా సన్నగిల్లింది. మతి చలిస్తే గాలి సోకిందన్నారు, దయ్యం పట్టిందన్నారు. వేపమండలు, కొరడా దెబ్బలు, గొలుసులు వచ్చాయి. తెలంగాణలో బాణామతి పేరుతో, ఇతర చోట్ల చేతబడి పేరుతో అనుమానం ఒంటరి వృద్ధుల మీద, అందులోనూ బలహీన కులాల వారి మీద పడుతూ వచ్చింది. ఒకరి జబ్బుకు మరొకరి ప్రాణం మూల్యమైంది.

బ్రిటిష్ పాలన మరో రకం గోడ కట్టింది. 1794లో మద్రాసులో పిచ్చివారి ఆశ్రయం వెలిసింది. 1871లో అది కిల్పాక్‌కు మారింది. వాల్తేరులోనూ అలాంటిదే వచ్చింది. నిజాం రాజ్యంలో జాల్నాలో ఉన్న ఆసుపత్రి 1953లో హైదరాబాదు ఎర్రగడ్డకు వచ్చింది. ఎర్రగడ్డకు పంపాలి అనే మాట మన నోట ఎగతాళిగా మారిందంటే, జబ్బును మనం ఎంత అవమానంగా చూశామో తెలుస్తుంది. 1858 నాటి చట్టం, దాని తర్వాత 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం రోగిని పోలీసు, మేజిస్ట్రేటు చేతుల్లో పెట్టాయి. లోకాన్ని రోగి నుంచి కాపాడటం వాటి ప్రధాన ఆలోచన. రోగిని కాపాడటం రెండో మాట. ఏ నేరమూ చేయని మానసిక రోగులను జైళ్ళలో ఉంచడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 1993లో, షీలా బార్సే కేసులో చెప్పవలసి వచ్చింది.

1946లో భోర్ కమిటీ లెక్క ప్రకారం ఇంగ్లండులో 300 మందికి ఒక మానసిక వైద్య పడక ఉంటే, మన దేశంలో సుమారు 40,000 మందికి ఒకటి ఉంది. ఆ కొరతలోనే 1950లలో అమృత్‌సర్ ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఒక పని చేశారు. ఆవరణలో గుడారాలు వేయించి, రోగితో పాటు ఇంటివాళ్ళనూ అక్కడే ఉంచారు. జబ్బు ఏమిటో, మందు ఎలా ఇవ్వాలో, ఎలా మాట్లాడాలో వాళ్ళు చూసి నేర్చుకున్నారు. ఇంటికి వెళ్ళి ఊరివాళ్ళకూ చెప్పారు. మన భాషలో చెప్పాలంటే అది రోగి చుట్టూ ఒక చిన్న సంఘాన్ని కట్టడమే.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన ఒక పాక తగలబడింది. గొలుసులతో కట్టేసి ఉండటం వల్ల తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. ఒక మతం మీద వేలు చూపి ముగించే విషయం కాదది. గొలుసు అన్ని మతాల పుణ్యస్థలాల దగ్గరా ఉంది. ఎన్నో ఇళ్ళ వెనుక గదుల్లోనూ ఉంది.

చట్టం ఇచ్చిన హక్కు

2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులో ఉంది. మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కని అది చెప్పింది. ఆ వైద్యంలో చూపకూడని వివక్షల జాబితాలో కులం పేరు కూడా స్పష్టంగా రాసింది. గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని, వారిని శిక్షించకూడదని, సంరక్షణ అందించడం ప్రభుత్వ బాధ్యతని చెప్పింది. తప్పు చేశావు, గుర్తుందా అని నిలదీసే బదులు ఏం బాధ పడ్డావు అని అడగడమే ఇందులోని సారం. గగ్గకు సంఘం ఇచ్చిన తీర్పుకు ఇది ఎంతో దూరంలో లేదు.

చట్టం పుస్తకంలో ఉంటే చాలదు. నిమ్హాన్స్ నడిపిన 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో చూసింది. జబ్బు రకాన్ని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. డాక్టర్లు తక్కువగా ఉండటం ఒక కారణం. జబ్బును జబ్బుగా ఒప్పుకోకపోవడం ఇంకో కారణం. మొదటిది ప్రభుత్వం తీర్చాలి. రెండోది మన చేతిలో ఉంది.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేతుల మీదుగా దీక్ష తీసుకున్నప్పుడు ఇరవై ఏళ్ళున్నవారికి ఇప్పుడు తొంభై దగ్గర పడుతోంది. ఆ తరం, వారి వెనుక వచ్చిన తరం ఇప్పుడు మన ఇళ్ళలో ముసలివారు. అంటరానితనాన్ని ఒంటి మీద, మనసు మీద మోసి, వెట్టిని, వలసను భరించి మనల్ని చదివించిన వారు. ఆ గాయాలు వయసుతో మాసిపోవు. పని ఆగి, తోడు పోయి, పిల్లలు పట్నం చేరాక అవి మళ్ళీ పచ్చిపుండ్లవుతాయి. అప్పుడు వాళ్ళు నాకు దిగులుగా ఉంది అని చెప్పరు. ఒళ్ళు నొప్పులంటారు, నిద్ర పట్టదంటారు, తిండి సహించదంటారు. మనం గ్యాస్ మాత్ర కొనిస్తాం.

కాబట్టి కొన్ని సంగతులు ప్రతి ఇంటికీ తెలియాలి. ముసలితనంతో పాటు కుంగుబాటు తప్పదన్న మాట నిజం కాదు. రెండు వారాలకు మించి దిగులు వదలకపోతే, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోతే అది వైద్యంతో నయమయ్యే జబ్బు. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో మరిచిపోవడం మామూలే. రోజూ నడిచే దారి మరిచిపోవడం, డబ్బు లెక్క తప్పడం, అడిగిందే అడగడం మాత్రం చాదస్తం అని కొట్టిపారేయకూడదు. మతిమరుపులా కనబడేవాటిలో కొన్ని థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, వినికిడి తగ్గడం, వాడుతున్న మందుల వల్ల కూడా వస్తాయి. పరీక్ష చేయిస్తే వాటికి దారి దొరుకుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా మాట తడబడి, మనుషులను గుర్తుపట్టక కలవరిస్తుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఒంట్లో నీరు తగ్గడం కావచ్చు. గాలి సోకిందని తాయెత్తు కట్టించే లోపు ప్రాణం పోవచ్చు. చావాలని ఉంది అని ముసలివారు అంటే ముసలి మాటలని నవ్వేయకూడదు. నేరుగా అడగాలి, ఒంటరిగా వదలకూడదు, పురుగుమందు అందకుండా దాచాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడుతుంది. వృద్ధుల సహాయానికి 14567 ఉంది. ఈ రెండు నంబర్లూ మన విహారాల గోడల మీద రాసి ఉండాలి.

విహారం చేయగలిగినవి ఇంకా ఉన్నాయి. పౌర్ణమి వందనకు ప్రతిసారీ వచ్చే పెద్దమనిషి రెండుసార్లు రాకపోతే ఎందుకు రాలేదని ఎవరో ఒకరు ఇంటికి వెళ్ళి అడగాలి. గగ్గ రాలేదని ఆ రోజు సంఘం గమనించింది కాబట్టే ఆ తర్వాతి కథ జరిగింది. మతిమరుపు ఉన్నవారు వందన మధ్యలో లేచి తిరిగినా, గాథ తప్పు చదివినా విసుక్కోకుండా పక్కన ఒకరు కూర్చోవాలి. వారిని రేయింబవళ్ళు చూసుకునే కోడలికి, కూతురికి నెలలో ఒక పూటైనా విశ్రాంతి దొరికేలా నలుగురు వంతులు వేసుకోవాలి. మీకు ఇక్కడ తల్లీ తండ్రీ లేరు, మీరే ఒకరినొకరు చూసుకోవాలి అనే అర్థంలో, అతిసారంతో పడి ఉన్న భిక్షువును స్వయంగా కడిగిన రోజున తథాగతుడు చెప్పాడు కదా.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ధ్యానం చేస్తే చాలు, మాత్రలు మానేయి అనే మాట మన మధ్య వినబడుతోంది. పది రోజుల ధ్యాన శిబిరాలను నడిపేవారే తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారిని చేర్చుకోవడంలో జాగ్రత్త పాటిస్తారు. ధ్యానం మంచిదే, డాక్టరు సలహాతో మందుకు తోడుగా సాగాలి. ధమ్మం తెలిసినవాడికి దిగులెందుకు అని ఎవరైనా అంటే, ఆ మాట రోగి నోరు మూయిస్తుంది. నోరు మూతపడ్డాక జబ్బు ముదురుతుంది.

ఇక జబ్బు నయమై తిరిగి వచ్చినవారి సంగతి. మందులు వాడి కోలుకున్న పిల్లవాడికి సంబంధం కుదరదు. ఎర్రగడ్డకు వెళ్ళివచ్చిన మనిషి మాటకు ఇంట్లో విలువ ఉండదు. కోపంలో ఏమన్నా పిచ్చి మళ్ళీ తిరగబెట్టిందంటారు. గగ్గ వెంటపడిన భిక్షువులు చేసింది సరిగ్గా ఇదే. తథాగతుడు వాళ్ళనే మందలించాడు. అమూళ్హ వినయం ఇచ్చే అధికారం వినయం ప్రకారం సంఘానిది. మన బస్తీలో అలా తిరిగి వచ్చిన మనిషిని పాత పేరుతో పిలవకుండా ఉండటానికి మాత్రం ఏ తీర్మానమూ అక్కర్లేదు. వచ్చే పౌర్ణమికి ఆ మనిషిని వందనకు పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుంటే చాలు.